పెయ్య నడిచినంత నేల

మన మగాళ్లు ఓడల గురించి మొదలుపెడితే ఇక ఆపరు. ఫలానా ఓడ ఎవరు కట్టారు, ఎన్ని తెడ్లు వేసేవాళ్లు, ఏ ఊళ్లు దోచుకొచ్చింది, అన్నీ పూస గుచ్చినట్టు చెప్తారు. తెరచాప ఎవరు నేశారో మాత్రం ఒక్కడూ చెప్పడు. తెరచాప గాలికి దానంతటదే మొలుస్తుందనుకుంటారు కాబోలు. ఓడ కట్టడానికి మగాళ్లకి ఒక చలికాలం చాలు. దాని తెరచాపకి ఉన్ని దువ్వి, వడికి, నేసి, కొవ్వు పట్టించేసరికి ఇంట్లో ఆడవాళ్లందరికీ ఏళ్లు పడతాయి. వేళ్ల సందులు పగిలి ఉన్నికి రక్తం అంటుకుంటుంది. అయినా నేస్తారు, నేయకపోతే తిండి పెట్టేవాడు ఉండడు గనక.

ఇంగున్ పుట్టింది నార్వేలో, కొండల మధ్యకి సముద్రం చొచ్చుకొచ్చిన ఒక ఇరుకు పాయ ఒడ్డున. చిన్నప్పుడే కదురు చేతికిచ్చారు. తల్లితో కలిసి నేసిన మొదటి తెరచాప మీద తండ్రి వైకింగ్‌కి, అంటే సముద్రం మీద దోపిడీకి, వెళ్లాడు, తిరిగి రాలేదు. తర్వాతి తెరచాప అన్నదమ్ముల్ని తీసుకుపోయింది. వాళ్లలో ఒకడు మాత్రం కుడిచెయ్యి లేకుండా వచ్చి, రెండు చలికాలాలు పొయ్యి పక్కన కూర్చుని పోయాడు. ఇంట్లో మగదిక్కు లేకపోయాక, పాయ అవతలి ఒడ్డున ఉన్న హావార్డ్ అనేవాడికి ఇచ్చి ఇంగున్ పెళ్లి చేశారు.

హావార్డ్ చెడ్డవాడు కాదు. ఏమీ కాడు, అదే వాడి జబ్బు. అన్న కోల్‌బేన్ కూర్చోమంటే కూర్చునేవాడు, లెమ్మంటే లేచేవాడు. ఆ ఇల్లు కోల్‌బేన్‌ది, నోరు కూడా కోల్‌బేన్‌దే. ఒకసారి ఇంగున్ కాల్చిన రొట్టె కొంచెం మాడింది. కోల్‌బేన్ అరవలేదు, చెయ్యి చేసుకోలేదు. "మా మరదలికి పొయ్యి పక్కన వేడి ఎక్కువైనట్టుంది, గడప దగ్గర చల్లగా ఉంటుంది, అక్కడ నిలబడి తినమనండి" అన్నాడు నవ్వుతూ. ఆ చలికాలమంతా ఇంగున్ గడపలో కుక్కల మధ్య నిలబడి తిన్నది. మొగుడు బల్ల దగ్గర కూర్చుని, తల వంచుకుని, తన చేప తాను తిన్నాడు. వసంతం వచ్చాక కోల్‌బేన్ "ఇంక కూర్చోవచ్చులే" అన్నాడు. ఆవిడ కూర్చుంది. కానీ ఆరోజు నుంచి ఆవిడకి ఒకటే కోరిక: తన గోడలు, తన పొయ్యి, తన పేరున నేల. చచ్చినా కోల్‌బేన్ కప్పు కింద చావకూడదు.

ఆవిడకి పుట్టిన బిడ్డలు ఎవరూ నిలవలేదు. అన్నతో కలిసి ఐర్లాండ్ ఒడ్డు మీద దాడికి వెళ్లిన హావార్డ్, తన వాటా కింద ఒక బానిసపిల్లని తెచ్చుకున్నాడు. పేరు మూరెన్. ఒక మఠం పక్కన ఆవులు కాసుకుంటుంటే పట్టుకొచ్చారు. వాడు వెళ్లిన ఓడ తెరచాప ఇంగున్ నేసిందే. మూరెన్ వచ్చిన మరుసటేడు ఒక ఆడపిల్లని కన్నది. ఆ పిల్ల ఎవరి పోలికో చూసిన ప్రతివాళ్లకీ తెలుసు, ఎవరూ నోరెత్తలేదు.

మనవాళ్లలో పుట్టిన బిడ్డని పెంచడమా, కొండ మీద వదిలెయ్యడమా అన్నది తండ్రి నిర్ణయిస్తాడు. ఇంగున్ ఎదురుచూసింది, వదిలేస్తాడని. కానీ హావార్డ్ జీవితంలో ఒక్కసారి మగాడిలా ప్రవర్తించాడు. బిడ్డని ఒళ్లోకి తీసుకుని నీళ్లు చల్లి పేరు పెట్టాడు. నీళ్లు చల్లిన బిడ్డని పారేస్తే అది హత్యే. ఇంగున్ ఆ సమయానికి కావాలనే బయటికి వెళ్లి ఉన్ని ఉతుక్కుంది.

సముద్రానికి ఇవతల, ఇక్కడ ఐస్‌లాండ్‌లో, రాజు లేడు, పన్ను లేదు, ఎవడు ముందు వస్తే వాడిదే నేల అని తెలిశాక కోల్‌బేన్ అందరికంటే ముందే ఓడెక్కాడు. మగాడు ఒక్కరోజులో చుట్టూ నిప్పులు వెలిగిస్తూ తిరిగొచ్చినంత నేల వాడిదన్నది ఆచారం. నది ఇవతల మంచి పచ్చిక ఉన్న నేలంతా అలా నిప్పులతో చుట్టేసి తనదనిపించుకున్నాడు. నది అవతలి లోయ ఖాళీగా ఉంది, రమ్మని తమ్ముడికి కబురు పెట్టాడు. తమ్ముడు దగ్గరుంటే పనిచేసేవాడు ఒకడు దొరుకుతాడు కదా. ఇంగున్ ఆ కబురులో 'నది అవతల' అన్న మాట ఒక్కటే విన్నది. నది మధ్యలో ఉంటే చాలనుకుంది.

హావార్డ్ సంసారంతో బయల్దేరిన ఓడలో ఆవులన్నీ దారిలోనే చచ్చాయి. ఒక ఎర్ర పెయ్య మాత్రం బతికింది, అదీ మూరెన్ చలవ. తుఫానులో దాని మెడ కావలించుకుని పడుకునేది, తన జావలో వేళ్లు ముంచి నాకించేది. నాలుక మడిచి ఏదో కూత పెట్టేది, పెయ్య చెవులు నిక్కబొడుచుకునేది. ఓడలో వాళ్లు పెయ్యకి రెండో తల్లి దొరికిందని వేళాకోళం చేసేవాళ్లు.

ఒడ్డు కనిపించగానే హావార్డ్ ఇంటి పెద్ద కూర్చునే పీటకి రెండు పక్కలా ఉండే స్తంభాల్ని సముద్రంలోకి విసిరాడు. థోర్ దేవుడి ముఖం చెక్కిన తాతలనాటి స్తంభాలు. అవి ఎక్కడ ఒడ్డుకి కొట్టుకొస్తే అక్కడ ఇల్లు కట్టాలి, దేవుడు చూపించిన చోటు అది. బాగానే ఉంది. కానీ కళ్ల ముందు పచ్చని లోయ పెట్టుకుని, దేవుడు ఇంకా చెప్పలేదంటూ ఆ వేసవంతా ఒడ్డు వెంబడి స్తంభాల కోసం తిరిగినవాణ్ణి ఏమనాలి? గడ్డి కోయించలేదు. నిప్పులు వెలిగించలేదు. ఇంగున్ ఎన్నోసార్లు చెప్పింది, ముందు లోయ చుట్టూ నిప్పు తిప్పు, తర్వాత వెతుక్కో అని. "దేవుడు చూపించకుండా ముట్టుకుంటే అరిష్టం" అన్నాడు. ఆకురాలే కాలంలో ఒక పొగమంచు రోజున, కొండ కొమ్ము కింద నీళ్లలో ఏదో కర్ర తేలుతోందని పడవేసుకుని వెళ్లి మునిగిపోయాడు. స్తంభాలు ఈనాటికీ ఎవరికీ దొరకలేదు.

మొగుడు పోయిన ఆడది, మొగుడు నిప్పు వెలిగించని నేల. చుట్టుపక్కల వాళ్లు సమావేశమయ్యారు. తీర్పు చెప్పవలసినవాడు వేమండ్ అనే ముసలాయన, ఆ ఒడ్డున దేవుడి బలులు జరిపించే పెద్ద. కోల్‌బేన్ చాలా బాధగా ముఖం పెట్టి, తమ్ముడి పెళ్లాన్ని, తమ్ముడి బానిసని, తమ్ముడి పశువుని తానే చూసుకుంటానన్నాడు. ఆ లోయ కూడా తానే చూసుకుంటాడట, పాపం, ఎంత బరువో!

అప్పుడు ఇంగున్ లేచి, ఆడదాని హక్కు అడుగుతున్నానంది. మగాడికి నిప్పు, ఆడదానికి పెయ్య. రెండేళ్లు నిండిన పెయ్యని వసంతంలో ఒక రోజు, పొద్దు పొడవగానే బయల్దేరి తాడు పట్టి నడిపించాలి. ఎంత నేల చుట్టి, పొద్దు గుంకేలోపు బయల్దేరిన చోటికి తిరిగొస్తే అంత నేల ఆవిడది. రాలేకపోతే ఏమీ లేదు. పాత ఆచారమే, వేమండ్ కాదనలేకపోయాడు. కోల్‌బేన్ కూడా ఒప్పుకున్నాడు, కానీ ఊరికే ఒప్పుకోలేదు.

"ఆచారం అన్నాక పూర్తిగా ఉండాలి మరి. బాగా మేసి కండపట్టిన పెయ్య అయ్యుండాలి. పక్కటెముకలు కనిపించే బక్కదాన్ని లాక్కొస్తే నేనొప్పుకోను. ఏమ్మా, నీ దగ్గర గడ్డి ఉందా అసలు?"

"నా పెయ్య సంగతి నేను చూసుకుంటాను బావగారూ. మీరు వసంతందాకా బతికుండండి చాలు."

అందరూ నవ్వారు, కోల్‌బేన్ కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఇంగున్‌కి ఒళ్లు మండిపోయింది. పెయ్యని ఎలా మేపాలో ఆ కోపంలోనే నిశ్చయించుకుంది.

గడ్డి లేని చలికాలంలో పెయ్యకి కండ ఎక్కడి నుంచి వస్తుంది? మనుషుల కంచాల్లోంచి. ఓడలో తెచ్చిన బార్లీ కొంచెం మిగిలి ఉంది. విత్తనానికి దాచింది దంచి పెయ్యకి జావ కాచింది. ఎండుచేప తలలు ఉడికించిన నీళ్లు పెయ్యకి. సముద్రపు నాచు ఏరుకొచ్చి కడిగి మెత్తని భాగం పెయ్యకి, గట్టి కాడలు మనుషులకి. ఇంగున్ తను కూడా తినలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. బుగ్గలు లోపలికి పోయి, పళ్లు కదిలాయి. కానీ ఆవిడ పంతం తిని బతికింది. ఒడ్డున మట్టిగడ్డలతో వేసుకున్న గుడిసెలోనే, అదే కప్పు కింద ఉన్న పశువుల కొట్టంలో మూరెన్, ఆ పిల్ల ఉండేవాళ్లు. వాళ్లకి తినడానికి పంతం కూడా లేదు.

మూరెన్ పాలు ఎండిపోయాయి. పిల్లకి అప్పటికి నడక వచ్చింది, పడుతూ లేస్తూ పెయ్య కాళ్ల మధ్య తిరిగేది. రాత్రి చలికి దాని పొట్టకి ఆనుకుని పడుకునేది. జావ గిన్నె పెయ్య ముందు పెట్టినప్పుడు, పిల్ల కూడా పాకి వెళ్లి అందులో చెయ్యి పెట్టేది. ఒకరోజు ఇంగున్ చూసింది. చూసి, గిన్నె కొంచెం ఎత్తు మీద పెట్టించింది. పెయ్యకి అందేటట్టు, పిల్లకి అందకుండా.

మూరెన్ కాళ్ల మీద పడి అడిగింది, రోజుకి ఒక్క గరిటె చాలని. ఇంగున్ అరవలేదు. అచ్చం కోల్‌బేన్‌లాగే చాలా మామూలుగా చెప్పింది.

"ఆ పెయ్య బక్కచిక్కితే నేను పోయి కోల్‌బేన్ గడపలో పడాలి. నాతోపాటు నువ్వూ పడాలి. అక్కడ నీ గతేంటో నీకు తెలుసుగా? నేల దక్కనీ. అప్పుడందరం తిందాం."

"పిల్లకి నేల వద్దమ్మగారూ. జావ కావాలి."

"దాన్ని నేను బయట పారెయ్యలేదుగా. పారేసేదాన్నే, నీ అదృష్టం బాగుండి ఆయన నీళ్లు చల్లాడు."

నీళ్లు చల్లిన బిడ్డని కొండ మీద వదిలితే చట్టం ఊరుకోదు. గిన్నె ఎత్తు మీద పెడితే ఏ చట్టమూ అడగదు. ఇంగున్‌కి ఈ తేడా బాగా తెలుసు. తెలియక చేసిందని ఎవరైనా వెనకేసుకొస్తే నమ్మకండి.

మంచు కరగడానికి ఇంకా కొంతకాలం ఉందనగా పిల్ల పోయింది. ఏడవడం ముందే మానేసింది, పోవడం కూడా ఎవరికీ తెలియకుండానే పోయింది. పెయ్యకి ఆనుకుని ఉండటంవల్ల ఒళ్లు చల్లబడలేదు, అందుకని మూరెన్‌కి కూడా పొద్దున చాలాసేపటిదాకా తెలియలేదు. నేల గడ్డకట్టి ఉంది, తవ్వే వీల్లేదు. మూరెన్ ఒక్కతే రాళ్లు మోసుకెళ్లి పేర్చుకుంది. ఇంగున్ గుమ్మంలో నిలబడి చూసింది. పెయ్యకి జావ వేళ అవుతోందని లోపలికి వెళ్లింది.

వసంతం వచ్చేసరికి పెయ్య నిగనిగలాడుతోంది. మెడ కింద కండ ఊగుతోంది. ఆ చలికాలానికి ఈ తీరం మొత్తంలో కడుపు నిండా తిన్న ప్రాణి అదొక్కటే.

ఆ రోజు పొద్దు పొడిచేసరికి నది సముద్రంలో కలిసే చోట ఉన్న నల్లరాయి దగ్గర అందరూ చేరారు. వేమండ్ నియమం చెప్పాడు. తాడు ఇంగున్ చేతిలోంచి జారకూడదు, ఇంకొకరి చెయ్యి పెయ్య మీద గానీ తాడు మీద గానీ పడకూడదు. పక్కన నడవచ్చు, పిలవచ్చు, అదిలించవచ్చు. కోల్‌బేన్ వచ్చి పెయ్య చుట్టూ తిరిగి, పక్కటెముకల మీద వేళ్లు ఆనించి చూశాడు. ముఖం మాడిపోయింది. ఇంగున్ ఆ ముఖాన్ని కళ్లారా చూసుకుంది. గడపలో నిలబడి తిన్న చలికాలం తర్వాత ఆవిడ నిజంగా సంతోషించింది అప్పుడేనేమో.

మూరెన్‌ని ఇంటి దగ్గరే ఉండమంది. బానిస నడిపించిందన్న మాట రాకూడదని. కానీ పెయ్య రాయి దగ్గర నుంచి కదలదే! లాగితే నాలుగు కాళ్లూ నేలలో తన్నిపెట్టి నిలబడింది. జనంలో నవ్వులు మొదలయ్యాయి. ఇక తప్పక మూరెన్‌ని పిలిపించింది. మూరెన్ వచ్చి, పెయ్య ముందు నిలబడి, నాలుక మడిచి ఆ కూత పెట్టి నడక మొదలుపెట్టింది. పెయ్య వెంటనే కదిలింది. ముందు మూరెన్, వెనక పెయ్య, తాడు పట్టుకుని ఇంగున్, ఆ వెనక వేమండ్, కోల్‌బేన్, ఇంకొందరు.

పొద్దున నడక చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. నది ఒడ్డు వెంబడి మెత్తని పచ్చిక, పెయ్య ఒక్కచోట ఆగలేదు. ఎండ నడినెత్తికి రాకముందే చిన్నగుట్ట దగ్గరికి చేరారు. ఆ గుట్ట ఇవతల నుంచి తిరిగితే పొద్దుండగానే హాయిగా నల్లరాయి చేరుకోవచ్చు, ఒక ఇంటికి చాలినంత నేల వస్తుంది. గుట్ట అవతల నుంచి తిరిగితే లోయ మొత్తం వస్తుంది. కానీ అటు దారి అగ్నికొండ కక్కి చల్లారిన రాయి, కత్తిలా కోస్తుంది.

మూరెన్ ఆగింది. ఆ రోజు తనంతట తాను నోరు విప్పింది అప్పుడే. "ఇటే తిప్పండమ్మగారూ. చలికాలమంతా కొట్టంలో పేడలో నిలబడి దాని డెక్కలు మెత్తబడ్డాయి. దాని ఒళ్లు కూడా బరువు. రాళ్ల మీద నడవలేదు."

ఇంగున్ వెనక్కి తిరిగి చూసింది. కోల్‌బేన్ పెదాలు బిగించి, కళ్లు చికిలించి గుట్ట వైపు చూస్తున్నాడు, ఎక్కడ లోయంతా పోతుందోనని. ఆ చూపు చాలు, ఆవిడకి మతి పోవడానికి. పెయ్య బాగా నడుస్తోంది, పొద్దు బోలెడుంది, వాడికి పిడికెడు నేల కూడా మిగలకూడదు. "నీ సలహా ఎవరడిగారే, నడు" అంది. మూరెన్ గుట్ట అవతలికి నడిచింది.

రాళ్లలో పెయ్య మొదట నెమ్మదించింది. తర్వాత కుంటింది. గుట్ట దిగేసరికి రాళ్ల మీద ఎర్రగా డెక్కల గుర్తులు పడుతున్నాయి. ఇంగున్ తన తలగుడ్డ చింపి దాని కాళ్లకి చుట్టింది, అవి కొంచెం దూరంలోనే ఊడిపోయాయి. చేతి పగుళ్లకి చుట్టుకున్న గుడ్డలు విప్పి అవీ చుట్టింది. నాలుక బయటపెట్టి, నురగలు కక్కుతూ, పెయ్య అడుగు తీసి అడుగు వేసింది. ఎంత మేపితే అంత బరువు, ఆ బరువంతా ఆ మెత్తని డెక్కల మీదే. పక్కటెముకలు కనిపించకూడదన్న కోల్‌బేన్ మాట పట్టుకుని, పెయ్య నడవాల్సిందన్న సంగతే ఆవిడ మర్చిపోయింది.

నల్లరాయి కనిపించింది. పెద్ద దూరం లేదు, గట్టిగా అరిస్తే అక్కడివాళ్లకి వినపడేంత. పొద్దు సముద్రానికి దగ్గరపడింది. అక్కడ పెయ్య ముందుకాళ్లు మడిచి, బరువుగా కూలబడింది.

ఇంగున్ తాడు లాగింది. కర్ర తీసుకుని కొట్టింది. తోక పట్టుకుని మెలిపెట్టింది, మళ్లీ కొట్టింది. చర్మం చిట్లింది. పెయ్య కళ్లు తేలేసి, మెడ నేల మీద పెట్టి పడుకుంది గానీ లేవలేదు. కోల్‌బేన్ చేతులు కట్టుకుని దూరంగా నిలబడి సముద్రం వైపు చూస్తున్నాడు. నవ్వడం లేదు, నవ్వాల్సిన పని లేదు అతనికి.

"పిలవవే" అంది ఇంగున్. మూరెన్ ముందు నిలబడి ఉంది, నోరు విప్పలేదు. ఇంగున్ ఆమె చెంప మీద కొట్టింది.  ఇంగున్ పొద్దు వైపు చూసి, గొంతు మార్చింది. పిలిస్తే ఇప్పుడే, వేమండ్ ఎదురుగా బానిసత్వం నుంచి విడిచిపెడతానంది. వేమండ్ తల ఊపాడు, సాక్షిగా ఉంటానన్నట్టు. నది ఒడ్డున మెత్తని పచ్చికలో ఒక ముక్క ఇస్తానంది. ఇల్లు కట్టిస్తానంది. చివరికి ఆ పేడలో, ఆ రాళ్లలో, బానిస ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

మూరెన్ ఆవిడ ముఖం మీదికి వంగింది. ఇదంతా ముందే అనుకుందో, అక్కడికక్కడే తోచిందో ఎవరికీ తెలియదు.

"నాకేమీ ఇవ్వక్కర్లేదమ్మగారూ. నా పిల్ల పేరేంటో చెప్పండి. చెప్పారంటే పిలుస్తాను."

ఇంగున్ నోరు తెరిచింది. పేరు రాలేదు. ఒకే కప్పు కింద చలికాలమంతా ఉన్నారు. ఎన్నోసార్లు వినే ఉంటుంది, మూరెన్ పిలుస్తుంటే, లాలిస్తుంటే, చివరికి ఆ రాళ్ల దగ్గర కూర్చుని ఏడుస్తుంటే. విన్నదేదీ చెవి దాటి లోపలికి పోలేదు. 'అది', 'పిల్లది', 'నీ పిల్ల'. ఇంకేమీ గుర్తు రాలేదు. ఏదో ఒక పేరు చెప్పింది. మూరెన్ అడ్డంగా తలూపింది. ఇంకోటి చెప్పింది. మళ్లీ అదే తలూపడం. అప్పుడు పిచ్చిదానిలా జనం వైపు తిరిగింది.

"మీలో ఎవరికైనా తెలుసా? పెద్దయ్యా, నీకు తెలుసా? బావగారూ, మీ తమ్ముడు మీకు చెప్పి ఉంటాడు కదా, ఏం పేరు పెట్టాడు?"

ఎవరికీ తెలియదు. బానిసదాని బిడ్డ పేరు ఎవరు అడిగి పెట్టుకుంటారు?  కోల్‌బేన్‌కి నిజంగానే తెలియదు, తెలిసినా చెప్పేవాడు కాదనుకోండి. ఇంగున్ నోటికి వచ్చిన పేరల్లా చెప్పడం మొదలుపెట్టింది, తన తల్లి పేరు, చనిపోయిన తన బిడ్డల పేర్లు, ఎప్పుడో విన్న ఐర్లాండ్ పేర్లు. ఆవిడ చెబుతూ ఉండగానే పొద్దు అంచు నీళ్లలోకి దిగింది, సగం దిగింది, పూర్తిగా పోయింది. వేమండ్ చెయ్యి ఎత్తి, అయిపోయిందని చెప్పాడు.

మూరెన్ అప్పుడు నాలుక మడిచి ఒక్కసారి కూత పెట్టింది. మెల్లగానే పెట్టింది. పెయ్య చెవులు కదిలించి, ముక్కుతూ మూలుగుతూ లేచి నిలబడింది. మూరెన్ వెనక్కి తిరగకుండా నడిచింది, పెయ్య కుంటుకుంటూ ఆమె వెంట నడిచింది. తాడు ఇంకా ఇంగున్ చేతిలోనే ఉంది. అది ఆవిడని లాక్కుంటూ నల్లరాయి దాటించింది.

లోయ కోల్‌బేన్ నిప్పులతో చుట్టుకున్నాడు. ఆ సంబరానికి పెట్టిన విందుకే పెయ్యని కోశారు. అంత కొవ్వు పట్టిన మాంసం ఈ ఒడ్డున అంతకు ముందు ఎవరూ తినలేదని చెప్పుకున్నారు. ఇంగున్‌కి కూడా ఒక ముక్క పెట్టారు, గడప దగ్గర. తిన్నది. ఆకలి మరి, చలికాలమంతా కాచుకున్న ఆకలి.

ఆ తర్వాత ఆవిడ బతికిన ఏళ్లన్నీ ఆ ఇంట్లోనే బతికింది, కోల్‌బేన్ కొడుకులకి తెరచాపలు నేసింది. ఎదురు చెప్పలేదు. మూరెన్‌ని మాత్రం కోల్‌బేన్ ఆ వేసవిలోనే దక్షిణానికి పోయే ఓడవాళ్లకి అమ్మేశాడు. పగ మనసులో పెట్టుకుని యజమానురాలిని ముంచేసిన బానిస తన ఇంట్లో వద్దన్నాడు. అతని భయం అతనిది.

ఓడ కదిలే రోజున ఇంగున్ మగ్గం వదిలేసి ఒడ్డుకి పరిగెత్తింది. తలగుడ్డ లేదు, కాళ్లకి చెప్పుల్లేవు. నడుం లోతు నీళ్లలోకి దిగి ఓడ అంచు పట్టుకుంది. మూరెన్ మణికట్లు తాడుతో కట్టి ఉన్నాయి, ఉన్నిమూటల మధ్య కూర్చుని ఉంది.

"ఇప్పుడు చెప్పవే. నేనేమీ చేసుకోను దాంతో. తెలుసుకోవాలని, అంతే. పిల్ల పేరేంటి?"

మూరెన్ వంగి ఆవిడ వేళ్లని ఓడ అంచు మీద నుంచి ఒక్కొక్కటే విడదీసింది.

"ఇప్పుడెందుకమ్మగారూ? పొద్దు గుంకిపోయింది కదా" అంది.

ఓడవాళ్లు తెడ్లు వేశారు. ఇంగున్ నీళ్లలో నిలబడి, ఓడ కొండ కొమ్ము దాటేదాకా ఒక్కో పేరే అరుస్తూ ఉంది.